దూడ పొట్ట మీది మందు

భిలాయి, క్యాంప్-1
6 జనవరి 1967

తమ్ముడు బలరాంకి అక్క సత్యలక్ష్మి ఆశీస్సులు.

తిరుపతిలో చలి ఎలా ఉందో గాని ఇక్కడ పొద్దున్నే పంపు దగ్గర నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మీ బావకి రైలు పట్టాల మిల్లులో ఫస్టు షిఫ్టు. ఛాయ బాగుంది. మూడేళ్ళు నిండాయి, తెలుగు కన్నా హిందీ ఎక్కువ మాట్లాడుతోంది. బాగోనిదల్లా మన ఆవు.

కిందటి నెల ఇరవై ఏడున ఈనింది. కోడెదూడ. జున్నుపాలు రెండు రోజులు పితికించి మా క్వార్టర్ల లైనులో మిగతా పదకొండిళ్ళకీ జున్ను పంచాను. అందరూ మెచ్చుకున్నారు. అయిదో రోజున దూడ పారుకుని చచ్చిపోయింది. పాలు పితికే రౌతు, అదే ఇక్కడి గొల్లవాడు, దాన్ని భుజాన వేసుకుని తీసుకుపోయాడు. పూడ్చడానికే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్న గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి ఆవు పక్కన దూడ నిలబడి ఉంది. ఒక్క క్షణం ఎంత సంతోషించానో చెప్పలేను. దగ్గరికి వెళ్ళి చూస్తే తోలు, లోపల గడ్డి. పొట్ట కింద గోనెదారంతో కుట్లు. కాళ్ళకి బదులు నాలుగు కర్రలు. కళ్ళు లేవు. మన ఆవు దాన్ని నాకుతోందిరా. నాకుతూ పాలు చేపుతోంది. నా చేతిలో గిన్నె పడిపోయింది. రౌతు మాత్రం నింపాదిగా, ఇది లేకపోతే ఆవు పాలివ్వదు దీదీ, మా నాన్న కూడా ఇలాగే చేసేవాడు అన్నాడు.

ఆ పాలతో మీ బావ కాఫీ తాగారు. నేను ముట్టుకోలేదు. ఛాయ అయితే ఆ తోలుదూడ మెడ కావలించుకుని ముద్దులాడుతోంది. నీకు తెలుసు కదా, అయిదేళ్ళ కిందట సింహాద్రి అప్పన్నకి కోడెని మొక్కి ఇచ్చాకే ఇది నా కడుపున పడింది. కోడె మొక్కు పిల్ల మన ఇంట్లో ఇలాంటిది చూడాలా?

నువ్వు పశువుల డాక్టరు చదువు చదువుతున్నావు. ఇది పాపమా కాదా, మీ పుస్తకాల్లో ఏముందో రాయి. వివరంగా రాయి. ఈ లైనులో చదువొచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఎవరింటికి ఉత్తరమొచ్చినా మా వరండాలో చదవాల్సిందే, ఎవరు రాయించుకోవాలన్నా నా దగ్గరికి రావాల్సిందే. నీ ఉత్తరాలంటే మరీ ఇష్టం వీళ్ళకి. పక్కింటి పైడమ్మ అయితే పని ఆపుకుని, తన కూతురు తులసమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వింటుంది.

అక్క

*

తిరుపతి
17 జనవరి 1967

అక్కా,

నీ ఉత్తరం మెస్సులో కూర్చుని చదివి నవ్వాను. కోప్పడకు. నువ్వు ఒక్క తోలుదూడని చూసి గిన్నె జారవిడిచావు. నేను ఇక్కడికొచ్చాక ఎన్ని రకాల దూడల్ని చూశానో రాస్తాను, వరండాలో అందరికీ చదివి వినిపించు.

అనాటమీ మాస్టారికి దూడంటే మందునీళ్ళ తొట్టిలో తేలే శరీరం. దాని నాలుగు పొట్టల పేర్లూ మేం నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. నాలుగో పొట్ట లోపలి పొరతో పాలు విరగ్గొట్టి దొరలు జున్నులాంటిదొకటి చేసుకుంటారట. లైబ్రరీలో బుక్ బైండరుకి దూడంటే అట్ట. అద్దాల బీరువాలో ఉన్న పాత పుస్తకాలన్నీ లేతతోలు అట్టలవే, నిమిరి చూస్తే మెత్తగా ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. మన కాలి పిక్కనీ, తిమింగలం పిల్లనీ, సముద్రంలోకి విరిగిపడే మంచుగడ్డనీ కూడా దూడ అనే పిలుస్తారట. నా రూమ్మేటు శంకరరావు ఈ పాఠం విన్న రోజంతా పిక్క తడుముకుంటూ కూర్చున్నాడు.

పశుపోషణ మాస్టారు చెప్పింది మాత్రం నీకు కష్టంగా ఉంటుంది. అయినా రాయాలి. ఈనిన మొదటి మూడు రోజుల పాలూ దూడకి మందు. రోగాన్ని ఆపే శక్తి దానికి అందులోంచే వస్తుంది. పదకొండిళ్ళకి జున్ను పంచావన్నావు. దూడకి ఎంత వదిలావు? అది పారుకుని పోయిందంటే ఎందుకో నాకు తెలుస్తూనే ఉంది.

అన్నిటికన్నా పెద్ద వింత ఇది. మశూచి టీకా మందు ఎక్కడ పుడుతుందో తెలుసా? దూడ పొట్ట మీద. పొట్ట మీద వెంట్రుకలు గొరిగి, చర్మం గీరి, ఆ గీతల్లో గోమశూచి రసం పూస్తారు. నాలుగైదు రోజులకి పొక్కులొస్తాయి. దూడని బల్లకి కట్టి ఆ పొక్కుల్ని గీకి తీస్తారు. దాన్నే శుభ్రం చేసి సన్నటి గాజు గొట్టాల్లో నింపి దేశమంతా పంపుతారు. టీకాలవాడు మన చేతుల మీద గుచ్చేది అదే. బల్ల మీద కట్టేస్తే దూడ ఎలా అరుస్తుందనుకున్నావు!

కాబట్టి మీ రౌతు చేసింది ఏ మూలకి? చచ్చిన దూడ చేత తల్లికి ఊరట ఇప్పించాడు, అంతే. పాలు తాగు.

బావగారికి నమస్కారాలు. ఛాయకి ముద్దులు.

బలరాం

*

భిలాయి
26 జనవరి 1967

బలరాం,

నీ ఉత్తరం నేను ముందు చదువుకోకుండా వరండాలో విప్పాను. అది నా పొరపాటే. నాలుగు పొట్టల దగ్గర నవ్వారు. పిక్క దగ్గర మరీ నవ్వారు. జున్ను దగ్గరికొచ్చేసరికి నా నోరు ఆగలేదు, చదివేశాను. చదివాక గాని అర్థం కాలేదు. నా దూడని నేనే చంపుకున్నాను. పదకొండిళ్ళవాళ్ళూ నా మొహంకేసి చూశారు. తిన్నవాళ్ళు వాళ్ళే కదా, మెల్లగా చూపులు తిప్పుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ కళ్ళతోనే టీకా సంగతి చదివాను. మా లైనులో సగం ఇళ్ళవాళ్ళు అప్పన్నకి కోడెనిచ్చినవాళ్ళే. ముందు పైడమ్మే అడిగింది.

"అయితే మన పిల్లల సేతుల్లో గుచ్చీది కోడె పొట్టలోంచి గీకిందేటి?"

నువ్వు రాశావు కాబట్టి ఔనన్నాను. ఇంకేమనను? దేవుడికి కోడెనిచ్చి కన్న పిల్లలకి కోడెని ఏడిపించి తీసిన రసం ఎక్కిస్తారా? ఇన్నాళ్ళూ మాకెవరూ చెప్పలేదు.

నీ ఉత్తరం సమయానికి అందింది. మొన్న ఇరవై నాలుగున టీకాలవాడు మా లైనుకొచ్చాడు. పవర్ హౌస్ స్టేషను వెనక బస్తీలో అమ్మవారు కనిపించిందట, అందుకని క్యాంపంతా తిరుగుతున్నారు. నేనే ముందు వెళ్ళి, మా పిల్లలందరికీ ఊళ్ళో వేయించేశాం అని హిందీలో చెప్పాను. ఒక్కొక్కరూ అదే మాట అన్నారు. అతను పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. పన్నెండు ఇళ్ళలో ఒక్క పిల్ల చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు. నువ్వు ఉండబట్టి తెలిసింది గాని లేకపోతే మాకేటి తెలుస్తాదమ్మా అని పైడమ్మ నా చేతులు పట్టుకుంది.

మీ బావకి ఇవేవీ చెప్పలేదు. ఆయనకి షిఫ్టు, నిద్ర, రేడియో. గుమ్మాలకి వేపమండలు కట్టాం. పాలు ఇప్పటికీ ముట్టుకోవడం లేదు.

అక్క

*

తిరుపతి
2 ఫిబ్రవరి 1967

అక్కా,

నీ ఉత్తరం అందింది. ముందు ఒక్క మాట. ఛాయకి వెంటనే టీకా వేయించు. ఈ ఉత్తరం అందిన పూటే. మిగతాది తరవాత చదువు.

అక్కా, నేను ఆ బల్లని చూడలేదు. దూడ అరవడం వినలేదు. టీకా మందు తయారు చేసే చోటికి నేనెప్పుడూ వెళ్ళలేదు. క్లాసులో మాస్టారు పది నిమిషాలు చెప్పిన దానికి నేను గొప్పకోసం అరుపులు చేర్చి రాశాను. నువ్వు ఉలిక్కిపడాలని రాశాను. టీకా మానేస్తావని కలలో కూడా అనుకోలేదు.

నీ ఉత్తరం పట్టుకుని ఆ మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివారు. దూడకి కొన్నాళ్ళు జ్వరం, పొక్కులు ఉంటాయన్నారు. ఆ తరవాత చంపుతారా అని అడిగాను. కొన్ని చోట్ల చంపుతారట, కొన్ని చోట్ల వదిలేస్తారట. "నీకు అనుకూలమైనది ఒక్కటే రాయకు. రెండూ రాయి" అన్నారు. అందుకని రెండూ రాస్తున్నాను. ఆ మందు పడ్డ పిల్లకి మశూచి రాదు. పడని పిల్లకి వస్తే నలుగురిలో ఒకరు పోతారు. మిగిలినవాళ్ళలో కళ్ళు పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు. ఇందులో నేను చేర్చినది ఏమీ లేదు.

కోడెని అప్పన్నకి ఎందుకిచ్చాం అక్కా? పిల్ల పుట్టి బతకాలనే కదా.

బావగారికి మిల్లు అడ్రసుకి ఒక కార్డు రాసి ఇదే డబ్బాలో వేస్తున్నాను. నీమీద నమ్మకం లేక కాదు, భయం వల్ల. ఇంకొక్కటి. మొదటి ఉత్తరం ఎలా చదివావో ఇది కూడా అలాగే వరండాలో కూర్చుని, అందరినీ పిలిచి చదువు. పైడమ్మని ముందు కూర్చోబెట్టుకో. తమ్ముడు గొప్పలు రాశాడు, తప్పు రాశాడు అని నా పేరు పెట్టి చెప్పు. నాకు సిగ్గేమీ లేదు.

బలరాం

*

భిలాయి
14 ఫిబ్రవరి 1967

బలరాంకి,

నువ్వూ మీ బావా కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు.

నీ ఉత్తరం ఎనిమిదో తారీఖున అందింది. చదివి పెట్టెలో పెట్టాను. ఆలోచించుకుందామనుకున్నాను. మర్నాడు మీ బావ షిఫ్టు దిగి, ఛాయకి రైలు చూపిస్తానని సైకిలు మీద పవర్ హౌస్ తీసుకెళ్ళారు. మామూలుగానే తీసుకొచ్చారు. నిన్న నీళ్ళు పోస్తుంటే పిల్ల చెయ్యి ముట్టుకోనివ్వలేదు. చూస్తే భుజం మీద ఎర్రగా వాచి, మధ్యలో పొక్కు. అమ్మవారే అనుకున్నాను. అప్పుడు చెప్పారు మీ బావ, బలరాం కార్డు రాశాడు, వేయించాను అని. నన్నెందుకు అడగలేదంటే, అడిగితే వద్దంటావు కదా అన్నారు. నిన్నటి నుంచీ ఆయనతో మాటల్లేవు.

పొక్కు బాగానే ఉంది. నిన్న జ్వరం తగిలింది, ఇవాళ లేదు. ఆ సంగతి నాకు సంతోషంగా లేదని అబద్ధం రాయను. పిల్ల పడుకున్నాక దాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఉత్తరం వరండాలో చదివావా అని అడుగుతావు. చదవలేదు. ఎనిమిదిన పోస్టుమాను మా ఇంటి ముందు ఆగడం పైడమ్మ చూసింది. తమ్ముడి కాణ్ణించి ఏటైనా ఒచ్చిందేటి అని అడిగింది. లేదన్నాను. మీ బావ కంపెనీ కాగితం అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. టీకాలవాడికి ముందు నిలబడి జవాబు చెప్పింది నేను. నన్ను నమ్మి పదకొండిళ్ళవాళ్ళు అదే మాట చెప్పారు. ఇప్పుడు కాదని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? జున్ను సంగతిలో ఒకసారి తలదించుకున్నాను. అది చాలదా?

ఛాయకి ఫుల్ చేతుల స్వెట్టరు వేసి ఉంచుతున్నాను. చలి కదా, ఎవరూ అడగలేదు. రోజంతా తులసమ్మా అదీ మన వరండాలోనే ఆడుకుంటున్నాయి. పొక్కు మాని పక్కు రాలిపోనీ. అప్పుడు మెల్లగా ఒక్కొక్కరికీ చెబుతాను. వారం, పదిరోజులు. అంతలో కొంపలేమీ మునిగిపోవు.

నువ్వు పరీక్షలు చదువుకో. ఇంక మీ బావకి కార్డులు రాయకు.

అక్క

*

తిరుపతి
20 ఫిబ్రవరి 1967

అక్కా,

ఛాయకి పడింది. అది చదివి మెస్సులో అందరి ముందూ ఏడ్చాను. ఆ తరవాతి పేజీ చదివి ఏడుపు కూడా రాలేదు.

పది రోజులు ఆగవద్దు. పది గంటలు కూడా ఆగవద్దు. బస్తీలో వచ్చిందని నువ్వే రాశావు. ఆ పదకొండిళ్ళ పిల్లలకి ఏ రక్షణా లేదు అక్కా, నా మొదటి ఉత్తరం తప్ప ఇంకేమీ లేదు. నీకు తలవంపులని నాకు తెలుసు. తలవంపులన్నీ నామీద పెట్టు. నా తమ్ముడు దరిద్రుడని చెప్పు. కాని ఇవాళే చెప్పు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఇరవై ఆరో ఏడో అవుతుంది. అప్పటికే చెప్పేసి ఉంటావు. అలా అనుకునే పడుకుంటున్నాను. చెప్పేశానని ఒక్క కార్డు ముక్క రాయి.

బలరాం

*

తిరుపతి
5 మార్చి 1967

అక్కా,

నీ దగ్గర్నుంచి కార్డు రాలేదు. కోపమొస్తే కోపమని రాయి. తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

బలరాం

*

భిలాయి
12 మార్చి 1967

బలరాం,

తులసమ్మ పోయింది.

కిందటి నెల ఇరవై రెండున జ్వరమొచ్చింది. ఆ పొద్దున్న కూడా ఛాయతో ఆడింది. మూడో రోజుకి మొహం మీద, చేతుల మీద అమ్మవారు పోసింది. పైడమ్మ ఎవరికీ చెప్పొద్దంది. ఆస్పత్రివాళ్ళు తీసుకుపోతారని, తల్లికి కోపమొస్తుందని భయం. వేపాకు పరిచి పడుకోబెట్టింది. నేను రోజూ వెళ్ళి కూర్చున్నాను. గొంతు లోపల కూడా పోసింది, మంచినీళ్ళు దిగేవి కావు. నువ్వు ఇరవయ్యో తారీఖున రాసిన ఉత్తరం ఇరవై ఏడున అందింది. అప్పటికి ఆ పిల్ల కళ్ళు తెరవడం లేదు. మార్చి నాలుగున పోయింది. నాలుగేళ్ళు.

ఏడో తారీఖున టీకాలవాడు మళ్ళీ వచ్చాడు. నేను మాట్లాడలేదు, లోపలే ఉండిపోయాను. పది ఇళ్ళలో పది తలుపులూ వేశారు. అమ్మవారు ఒక పిల్లని తీసుకుంది, ఇప్పుడు సూది గుచ్చి కోపం తెప్పించకూడదని వాళ్ళ మాట. మీ బావ వెళ్ళి చెప్పబోతే ఆడవాళ్ళ సంగతుల్లో మీకెందుకన్నారు.

తొమ్మిదిన మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. చంకలో ఎనిమిది నెలల చంటిది, చేతిలో ఇన్లాండు కవరు. పలాస దగ్గర ఊళ్ళో వాళ్ళమ్మ ఉంది. ఆవిడకి ఇంకా తెలియదు. నేను కలం తీసుకున్నాను. పైడమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. తులసమ్మ పోయినాది అని రాయి అంది. రాశాను. టీకా ఏయించనేదని రాయి అంది. ఎందుకు వేయించలేదో ఆవిడ చెప్పలేదు. నావైపు చూసింది, నేను ఏదో మంచి మాట కలిపి రాస్తానని. ఎప్పుడూ అలాగే రాస్తాను కదా.

కలం కింద పెట్టేశానురా. లేచి పెట్టె తీసి నువ్వు ఫిబ్రవరి రెండున రాసిన ఉత్తరం తెచ్చాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. మాస్టారు చెప్పినవి రెండూ చదివాను. పైడమ్మని ముందు కూర్చోబెట్టుకో అన్నది కూడా చదివాను. ఛాయని పిలిచి చెయ్యి ఎత్తి మచ్చ చూపించాను. పైడమ్మ ఆ మచ్చని వేలితో తడిమింది. దాని గుండ్రం చుట్టూ రెండుసార్లు తడిమింది. ఛాయ నవ్వింది.

"ఈ ఉత్తరం ఎప్పుడొచ్చినాది?"

ఎనిమిదో తారీఖున అన్నాను. కిందటి నెల అన్నాను. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఎనిమిది నుంచి ఇరవై రెండు దాకా. రెండు చేతుల వేళ్ళూ అయిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మరెవరికీ సదవనేదేటి?"

లేదన్నాను.

"అయితే లెగు" అంది పైడమ్మ. "ముందు ఆలకి సదువు. మాయమ్మకి తరవాత."

చంటిదాన్ని ఎత్తుకుని ఆవిడ ముందు నడిచింది. నేను ఉత్తరం పట్టుకుని వెనక నడిచాను. కూతురు పోయి అయిదు రోజులైన తల్లి గుమ్మంలో నిలబడితే ఎవరు తలుపు వేస్తారు? ప్రతి ఇంట్లోనూ కూర్చోకుండా నిలబడే చదివాను. చదవడం అయ్యాక పైడమ్మ, "ఎప్పుడొచ్చినాదో అదీ సెప్పు" అనేది. చెప్పేదాన్ని. పది గుమ్మాల్లో పదిసార్లు చెప్పాను. ఆఖరి ఇంటి అప్పలనర్సమ్మ, అన్నాళ్ళు ఏటి సేసినావు అని అడిగింది. "దాసినాది" అని పైడమ్మే జవాబు చెప్పింది. గొంతులో కోపం కూడా లేదు.

మర్నాడు టీకాలవాడికి కబురు పెట్టి పిలిపించాం, పది ఇళ్ళ పిల్లలూ అతని ముందు వరసలో నిలబడ్డారు. వరసలో మొదట పైడమ్మ ఉంది. చంటిదాని చొక్కా తనే తీసి, చెయ్యి తనే పట్టుకుంది. పిల్ల ఏడుస్తుంటే గట్టిగా పట్టుకోమని అతను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆవుని ఆ తోలుదూడతో సహా తీసుకుపొమ్మని రౌతుకి చెప్పాను. నువ్వు రావద్దు. పరీక్షలు రాయి. నీ తప్పు నువ్వు రాసుకున్నావు, దిద్దుకున్నావు కూడా. మధ్యలో ఉన్నదాన్ని నేను. మొదటి ఉత్తరానికి నిన్ను తిట్టాలని చాలాసార్లు కలం తీసుకున్నాను. ప్రతిసారీ ఎనిమిదో తారీఖు దగ్గరే ఆగిపోతున్నాను.

సగం రాసిన ఆ ఇన్లాండు కవరు మూడు రోజులు బల్ల మీదే ఉంచాను. పైడమ్మ వస్తుందని ఎదురు చూశాను. రాలేదు. ఇవాళ పొద్దున్న నీళ్ళ పంపు దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను. నిన్న పైడమ్మ చంటిదాన్ని ఎత్తుకుని పవర్ హౌస్ దాకా నడిచి వెళ్ళి, పోస్టాఫీసు దగ్గర తెలుగు వచ్చిన గుమాస్తా ఎవరినో బతిమాలి వాళ్ళమ్మకి ఉత్తరం రాయించుకుందట. అందులో నా గురించి ఏం రాయించిందో నాకు తెలియదు.

అక్క